పంటు మీద వచ్చిన రోగి

మా కాలేజీకి కొత్త బొమ్మ వచ్చింది.
నరసాపురం రేవులో పంటెక్కిస్తుంటే
దుప్పట్లోంచి కాళ్లు బయటపడ్డాయి.
రొయ్యల తట్టావిడ దణ్ణం పెట్టి అడిగిందట,
"ఏ ఊరి బిడ్డ బాబూ?"

బియ్యం గోడౌను మీద రెండు గదులు మావి.
ఇరవై ముగ్గురం, ఒక్కడే రోగి.
ఛాతీ సరిగ్గా నొక్కితే టిక్కుమంటాడు.

మల్లాడి నూకరత్నం వంతు.
ముప్ఫై చాలన్నారు మేడం.
పైకే లెక్కపెడుతూ ముప్ఫై దాటింది, నలభై దాటింది,
జడ ఊడింది.
కింద బస్తాలు లెక్కపెట్టేవాడు
లెక్క తప్పాడు.

వాళ్ల నాన్నని వశిష్ఠలోంచి తీసిన రోజు
గట్టు మీద ఊరంతా ఉంది.
బోర్లేసి తిప్పారు, వీపు చరిచారు,
ఇది మాత్రం ఎవరికీ తెలీదు.

టిక్. టిక్.

బొమ్మకింకా పేరు పెట్టలేదు.
రేపు కూడా మొదటి వంతు తనకే కావాలంది.