రోగాల సాలు

సాయంత్రం నాలుగైతే చిమ్టా పడ్తం.
రేపు పూసే మొగ్గను ఇయ్యాల్నే పట్టాలె,
రెక్క చిరగకుండ విప్పి
పుప్పొడి తిత్తులన్నీ ఏరి
ఏమెరుగనట్టు మళ్ల మూయాలె.
ఒక్కటి మిగిలినా
చెట్టు తనను తానే పెండ్లాడుతది,
మా కష్టమంత పల్లీ పొట్టు.

తెల్లారి మంచు ఆరకముందే
మగచెట్టు పుప్పొడి అద్దుతం.
ఎక్కడిదో పరదేశపు అడవి తీగకు
మునిమనుమడంట ఆ చెట్టు;
కాయ గచ్చకాయంత గట్టిది, లోపల పప్పు పల్చన,
తుప్పు తెగులు మాత్రం దాని గడప తొక్కదు.

పువ్వు వాడినంక ఊడ దిగుతది.
పైన పూసి మట్టిల నీళ్లాడే పంట
నాకు తెలిసి ఇదొక్కటే.
ఊడకు ఎర్రదారం కడ్త,
తవ్వేనాడు ఎవరి బిడ్డో ఎరుకైతదని.

పటాన్‌చెరు మడిల
ప్రతి నాలుగు సాళ్లకు ఒకటి రోగాల సాలు.
తుప్పు నీళ్లు దానిమీదనే కొడ్తం.
అది మాడితేనే
పక్కసాలు నిజం చెప్తది.

ఆ సాలుల ఏసేది
మా నాయన ముత్తంగిల ఏసిన రకమే.
మొదటేడు ఆకు చూసి గుర్తుపట్టిన,
ఎవరికీ చెప్పలే.
ఆ చెల్కల ఇప్పుడు రింగురోడ్డు,
లారీలు పోతుంటయి.

నఫీసా మేడం సాలు సాలు వంగి చూస్తది.
"తొమ్మిది," అంటది రోగాల సాలు కాడ. రాస్త.
తొమ్మిదంటే ఆకే లేదు.
"ఎనిమిది. ఏడు. మళ్ల ఏడు."
నలభై ఒకటి కాడ ఆగింది.
కళ్లద్దాలు కొంగుతోని తుడుచుకుంది.
"రెండు."
నేను రాయలే.
"రెండే, బాలమణీ, రాయి!"

ఏడేండ్లయింది ఆ దారం కట్టి.
చెట్టుకు ముప్పైకి తక్కువ లేదు కాయ.
లెక్కలు కట్టిన్రు, తూకాలు ఏసిన్రు,
సంచి మీద నంబర్ రాసిన్రు.

రోగాల సాలును ఎవరూ తూయలే.
పిడికెడు కాయలు ఏరి
ఉప్పేసి ఉడకబెట్టి
డబ్బా మేడం ముందు పెట్టిన.
ఒకటి నమిలింది. ఇంకోటి.
నలభై ఒకటిది నమిలి,
మళ్ల దీని కాడికే వచ్చింది.

"దీనికున్న తీపి దానికి లేదు," అన్నది.
"మా నాయనదది," అన్న.
ఆమెకు అర్థమయిందో లేదో.
నోట్‌బుక్ తీసి, కొత్త పేజీల
ఆడచెట్టు అని రాసి
కింద ఆ రకం పేరు రాసింది.

ఇంకో ఏడేండ్లు.
అప్పటికి నా కండ్లకు మొగ్గ కనబడ్తదో లేదో.

ఎర్రదారం ఒడిసింది.
లింగంపల్లి బజార్ల
పసుపుది తెచ్చిన.