జిరాక్స్ అంగడి పైన

అనంతపురం, కోర్టు రోడ్డు.
జిరాక్స్ అంగడి పక్కన ఇనుప మెట్లు.
ఎక్కుతా ఎక్కుతా పద్నాలుగు లెక్కపెట్టినా,
పదమూడోది వదులు.
పిల్లోణ్ణి కిందనే కూర్చోబెట్టినా
జిరాక్స్ అన్న పక్కన, స్టూలు మీద.
వాడు వినే మాటలు కావు గదా పైనవి.

ఇది రెండో లాయరు.
మొదటాయప్ప నా మాట సగంలోనే పెన్ను మూత తీసి
"కొట్టినాడని రాస్తాం, తాగొచ్చినాడని రాస్తాం,
అట్ల రాస్తేనే కేసు నిలబడ్తాది" అనె.
కొట్టలేదు సార్, అంటి.
"కొట్టకపోతే ఎందుకొచ్చినావమ్మా?"
దానికి నా కాడ ఒక్క మాటలో జవాబు లేదు.
బస్సెక్కి రాయదుర్గం వచ్చేస్తి.
ఆ రాత్రి నలభై ప్యాంట్లకు జిప్పులు కుట్టినా,
ఒక్కటీ వంకర పోలే.

లాయరు కుళ్ళాయమ్మ పెన్ను ముట్టలేదు.
ముందు నీళ్ళిచ్చింది, అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసులో.
"ఫీజు ఇంత, మూడు దఫాలు. స్టాంపులు వేరే.
ఏడాదవుతాదో రెండేండ్లో నేను చెప్పలేను.
చెప్పేవాళ్ళుంటే వాళ్ళ కాడికే పో."
అప్పుడే అనుకున్నా, ఈయమ్మే అని.

పెండ్లి తేదీ అడిగింది.
చెనిక్కాయ పీకే దినాలు, అంటి.
సంవత్సరం తడుముకున్నా.
పిల్లోని తేదీలడిగింది.
పోలియో చుక్కలు, మొదటి పన్ను,
అంగన్‌వాడీలో వాడు ఏడ్చిన వారం,
టైఫాయిడ్‌కి రక్తం తీసిన రోజు,
అన్నీ గడగడ చెప్పినా.
ఆయమ్మ అవి మాత్రం రాసుకుంది.

"మాటలు లేవు మేడం.
నాలుగేండ్లు ఒకే ఇంట్లో
ఉప్పు అందియ్యమని కూడా పిల్లోనితోనే చెప్పించె ఆయప్ప.
మీ అమ్మకు చెప్పు, మీ అమ్మనడుగు.
నేనూ తక్కువ తినలేదులే, మీ నాయనకు చెప్పు అన్నదాన్నే.
ఏడేండ్ల వాడు నడుమ పోస్టుమాన్ అయినాడు.
ఒకనాడు జరంలో కలవరిస్తాండాడు,
'నాయనా, అమ్మ సరే అనింది' అని.
ఆ పొద్దే గుడ్డలు సర్దుకున్నా."
తలెత్తితే ఆయమ్మ కిటికీ దిక్కు చూస్తాంది.
"ఇదే రాస్తాం" అనింది.
"జరగనిది ఒక్క గింజ కలపను."

ఆ తర్వాత అడిగింది చూడు,
"ఆదివారాలు పిల్లోణ్ణి వాళ్ళ నాయన కాడికి పంపుతావా?"
నాకు ఒళ్ళు మండింది.
ఎవరి లాయరమ్మా నువ్వు, అంటి.
"నీ లాయర్నే. అందుకే అడుగుతాండా.
జడ్జి గారు అడిగేలోపల నాకు తెలియల్ల."
ఫ్యాను తిరుగుతాంది.
కాగితాలు ఎగరకుండా పెన్నేటి గులకరాయి ఒకటి.
దాన్నే చూస్తా కూర్చున్నా ఎంతసేపో.
సైకిల్ గుర్తొచ్చింది.
వెనక సీటు పట్టుకోని వీధంతా వంగి పరిగెత్తినాడు ఆ మనిషి,
నడుం నొప్పి పెట్టుకోని.
పిల్లోనితో మాత్రం ఉండేవి ఆయప్పకు మాటలు, కడుపు నిండా.
"ఆదివారాలు" అన్నా.
"పొద్దు గూకేలోపల నా కాడికి రావల్ల."

వకాల్తా ముందర పెట్టింది.
వన్నూరక్క, తిప్పేస్వామి భార్య.
ఇంకా భార్య అనే రాయల్లా మేడం?
"తెగేదాకా అంతేమ్మా" అనింది నవ్వకుండా.
భార్యను కానని చెప్పే కాగితంలో
మొదటి వరసలోనే భార్యను.
జీన్స్ విప్పేటప్పుడూ అంతే,
కుట్టు యాడ మొదలైందో ఆ కొసే ముందు వెతకల్ల,
ఊరికే లాగితే గుడ్డ పోతాది.
సంతకం పెట్టినా. పెన్ను కారి
నా వేలు నీలమైంది, దినామూ అయ్యేదే.

కిందికొస్తే పిల్లోడు
రెండు కాగితాలు ఊపుతా నిలబడినాడు.
జిరాక్స్ అన్న వాని అరచెయ్యి అద్దం మీద పెట్టించినాడంట.
నల్లగా, గీతలతో సహా, రెండు చేతులు.
"ఇది నీకు. ఇది నాయనకు."
మరి అసలుదేదిరా, అంటి ఊరికే.
వాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.
"అది నాది" అన్నాడు.