తీసివేత

ఎర్రగుంట్ల దాటినాక ఎడమపక్క
నాలుగో గనిలో
ఇరవై రెండేండ్లుగా అడుగులు రాస్తున్నాను.
నడిచిన అడుగులు కాదు,
నాపబండల అడుగులు.
రెండు బై రెండు, రెండు బై మూడు.
పొద్దున లేచిన రాయి మాపటికి లారీ ఎక్కేలోగా
నా పుస్తకంలో ఒకసారి పడుకోవాలి.

మా ఊరికి నీళ్ళు ట్యాంకరులో వస్తాయి.
రాయి మాత్రం ఎంత తవ్వినా వస్తుంది,
పొర కింద పొర, ఆ పొర కింద ఇంకో పొర.
ఉలి మొన ఆనించి
దూదేకుల మౌలాలి మెల్లగా తడితే
నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు
బండ లేస్తుంది.

ఆ పొద్దు లేచిన బండ
నున్నగా లేదు.
ఒళ్ళంతా సన్నని మడతలు,
ఆరేసిన చీర గాలికి రెపరెపలాడి
అట్లే ఆగిపోయినట్టు.
పాలిష్‌కు రాదు అన్నాను.
తీసివేత గడిలో ఒక గీత గీసి
పక్క బండకు టేపు చాచాను.

మౌలాలి కదల్లేదు.
సత్తు చెంబులో తాను తాగాల్సిన నీళ్ళు
సగం దాని మీద పోశాడు.
మే నెల. చెంబెడు నీళ్ళ విలువ
మీకు నేను చెప్పక్కర్లేదు.
మడతలోంచి మడతలోకి
నీళ్ళు తమ ఇంటికి తాము పోతున్నట్టు పోయినాయి,
ఎవరినీ దారి అడక్కుండా.

"అలలు సారూ. ఈడ సముద్రముండె.
మా నాయన సెప్తాండె, ఆయనకు వాళ్ళ నాయన."

నవ్వొచ్చింది నాకు.
పెన్న నిండా పారింది చూసినోళ్ళే తక్కువ,
సముద్రమంట!
నవ్వుతూనే మడత మీద వేలు పెట్టాను.
నవ్వు నోట్లోనే ఆరిపోయింది.
ఏ పూటో, ఏ గాలికో,
చూసే కన్ను ఒక్కటీ ఇంకా పుట్టకముందు
ఒడ్డుకొచ్చిన ఒక అల
వెనక్కి పోవడం మరిచిపోయి
నా వేలి కింద ఉంది.

"దేవుడు యాడుండాడో నాకు తెల్దు సారూ.
శుక్రారం పోతా, మొక్కుతా, వస్తా.
కానీ ఈ రాయికి ముందర ఒకటుండె.
అది మెత్తగుండె."

అంతే అన్నాడు. బీడీ ముట్టించుకున్నాడు.

ఆ రాత్రి పాత పుస్తకాలు తిరగేశాను.
ఇరవై రెండేండ్ల తీసివేతలు.
గుంతల్లోకి దొర్లించినవి,
కంకర కొట్టించి రోడ్డుకు పంపినవి.
కూడికల కింద నా సంతకముంది,
రెండు సెంట్ల జాగా ఉంది, పాప నర్సింగు ఫీజుంది.
అబద్ధాలేం కావు అవి,
అన్నం పెట్టినవే.
అయినా నేను కొలిచిందంతా పైముఖమే.
లోతుకు మా పుస్తకంలో గడి లేదు.

మూడు వందలు బాడుగిచ్చి
ట్రాక్టర్లో ఆ బండను ఇంటికి తెచ్చుకున్నాను.
"పొయ్యి నిలవదు, పిండి రుద్దేకి రాదు,
దీన్నేం జేసుకోవల్ల?" అంది నాగరత్నమ్మ.
చెప్పబోయి నీళ్ళు నమిలాను.
జాలాడి దగ్గర వేయించాను.

ఇప్పుడు రోజూ మాపటికి వచ్చి
దాని మీద నిలబడి కాళ్ళు కడుక్కుంటాను.
తెల్లటి రాతిదుమ్ము వదులుతుంది.
ఇంకా ఏదో వదులుతుంది, పేరు తెలీదు.
అరికాళ్ళ కింద సన్నగా
ఎవరో వెనక్కి జరుగుతున్నట్టు,
కొంచెం నన్నూ రమ్మన్నట్టు.

ఇంతలో వీధి మొగదల ట్యాంకరు హారన్.
రెండు బిందెలు చంకనేసుకుని
పరిగెత్తుతాను,
తడికాళ్ళతోనే.