కంటిగీత

ముక్తేశ్వరం రేవు దాటి ఎడమకి మళ్ళితే
కొబ్బరి డొక్కలు ఎండేసే కళ్ళం పక్కన
రెండు గదుల పెంకుటిల్లు.
ముందు గదిలో కాపురం,
వెనక గదిలో కాంతామణి టీచరు.

కాపురం అంటే వాళ్ళాయన పోయాక మిగిలింది:
ఒక కుర్చీ, గ్యాసు పొయ్యి, పొద్దున పూట రేడియో.
మిగతాదంతా వెనక గదే.
ఒకప్పుడది ఎండుకొబ్బరి కొట్టు.
ఇప్పటికీ వాన పట్టగానే
రంగుల వాసన మీదికి పాత నూనె వాసన లేస్తుంది.
"నా బొమ్మలన్నీ కాస్త కొబ్బరివేరా" అంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు పంటెక్కి అవతలికెళ్ళి
కోటిపల్లి హైస్కూల్లో డ్రాయింగు చెప్పింది.
అన్నాలయ్యాక వచ్చే పీరియడు.
సగం వారాలు లెక్కల మాస్టారు లాగేసుకునేవారు,
"బొమ్మలకి మార్కులుండవు కదండీ" అని.
ఆవిడ చాక్‌పీసు పొడి దులుపుకుని
వరండా చివర నిలబడి గోదారిని గీసుకునేది.
లాగేసుకున్న ఆ గంటలే
ఇప్పుడు ఇనప్పెట్టె నిండా ఉన్నాయి.

ఏటా ఆషాఢంలో కొత్తనీరు దిగగానే
హార్లిక్స్ సీసాతో ముంచి తెచ్చేది.
మూడ్రోజులకి పైన నీరు తేరుకుని
అడుగున వేలెడు ఒండ్రు.
ఎండబెట్టి, నూరి, తుమ్మబంక కలిపితే
అదే ఆ ఏటి మట్టిరంగు.
గూట్లో వరసగా సీసాలు, మూతల మీద సంవత్సరాలు.
తొంభై ఆరుది ఇటికముక్క.
రెండువేల రెండుది పాలిపోయింది,
ఆ ఏడు ఏరే సరిగ్గా రాలేదంటుంది.
ఎనభై ఆరుది మాత్రం సీసాలో లేదు.
అది గోడ మీద ఉంది.

ఆ ఏటి వరదకి గది మునిగింది.
నీళ్ళు తీశాక గోడ చుట్టూ మిగిలిన గీత మీద
సున్నం వేయనివ్వలేదు.
వాళ్ళాయన గొడవపడ్డారట, మేస్త్రి నవ్వాడట.
"స్కేలు లేకుండా ఇంత తిన్నగా
మీలో ఎవరు గీస్తారో గీయండి" అందట.

మాకు చెప్పిన మొదటి పాఠమూ గీతే.
"కాగితం మీద ముందు కంటిగీత వేయండి.
మీ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటే
లోకం చివర అంత ఎత్తులో ఉంటుంది.
పొట్టోడికి వేరు, చెట్టెక్కినోడికి వేరు."
నేను బెంచీ ఎక్కి చూశాను. నిజమే.
దెబ్బలు మాత్రం లెక్కల మాస్టారివి.

నేను బొమ్మలేసేవాణ్ణి కాలేదండి.
పడవల మీద పేర్లు రాస్తాను.
ఫ్లెక్సీలొచ్చి గోడలు పోయాయి గానీ
పడవకి ఫ్లెక్సీ అతకదు.
నా 'ళ' కింద తోక తిరగడం చూసి
"ఇది నా దగ్గర నేర్చిందే" అంటుంది
రేవులో పదిమంది ముందు.

ఒకే ఒక్కసారి రాజమండ్రిలో ప్రదర్శన.
మినీలారీలో గడ్డి పరిచి నలభై బొమ్మలు పట్టుకెళ్ళాం.
రెండు అమ్ముడుపోయాయి.
ఒకటి పళ్ళ డాక్టరు కొన్నాడు.
"నోరు తెరిచి పడుకున్నవాళ్ళు
నా గోదారిని చూస్తారు,
మాట్లాడ్డానికి కూడా ఉండదు" అని
దారంతా నవ్వింది.

మొన్న కిటికీ తలుపులకి రంగేయడానికెళ్ళాను.
మోకాళ్ళు అరిగాయి, ఇప్పుడు కుర్చీలోనే పని.
గోడకానించిన కొత్త బొమ్మల్లో ఏదో తేడా,
చాలాసేపు అంతుపట్టలేదు.
అన్నిటిలోనూ ఏరు కిందికి జారిపోయింది,
పైనంతా ఆకాశమే.
"కూర్చుంటే కంటిగీత దిగదూ?
అప్పుడే మర్చిపోయావా" అంది, తల తిప్పకుండానే.

డబ్బా మూత తీయడానికి ఆవిడ పక్కన గొంతుక్కూచున్నాను.
గోడ మీది వరద గీత
సరిగ్గా ఆవిడ కళ్ళకెదురుగా ఉంది.
అప్పుడు నీళ్ళు ఆగిన చోటే
ఇప్పుడు చూపు ఆగుతోంది.
నేనేమీ అనలేదు.
చెప్పినా, ఆవిడకి తెలీనిదా.

గూట్లో చివరి సీసా మీదికి చెయ్యి పోనిచ్చాను.
"అది ముట్టుకోకురా," అంది,
"ఈ ఏటిది. ఇంకా తేరలేదు."