రేటు గడి

సిరొంచ బస్టాండు వెనక మిర్చి డిపోల
ఇవ్వాళ కాంటా మీద మా రెండు సూటుకేసులు.
గోనెలు పక్కకు జరిపి జాగ ఇచ్చిండు సేటు కొడుకు,
"కింటలుకు తక్కువ మేం తూకమే వెయ్యం గదనే!" అని నవ్విండు.
మనీషా తుమ్మింది. నేనూ తుమ్మిన.
ప్రయాణానికి ముందు తుమ్మొద్దంటరు,
మిర్చి డిపోల ఎవలు లెక్కవెడతరు.

కప్పు దాక ఎర్రటి గోనెలు.
ధర పడిపోయింది, ఎవలూ అమ్మతలేరు.
ధర లేని మిర్చిని నాగపూర్ కోల్డ్ స్టోరేజికి పంపుతరు,
ఆరు నెలలైనా అదే రంగు, అదే ఘాటు.
మనిషికి అసొంటి గోదాం లేదు.
బ్యారేజి సర్వే ఒడిసినంక
పద్నాలుగు నెలలు ఇంట్ల కూసున్న నా రంగును
అద్దం దాచిపెట్టలేదు.
ఆమెది సర్కారు దవాఖానల పదకొండు నెలల కాంట్రాక్టు,
పన్నెండో నెల ఆమె నర్సు కాదు,
పదమూడో నెల మళ్ల నర్సు.
ఈసారి పదమూడో నెల రాలేదు.

నాగపూర్ల ఆమెతోని చదివిన రోజలిన్
ఐర్లండు నుంచి ఫోన్ల జెప్పింది:
"ఇక్కడ గూడ బాగలేదు మనీషా.
ముసలోల్ల ఆశ్రమంల రాత్రి డ్యూటీ ఒక్కటుంది,
అదన్న ఎన్నాళ్లో తెల్వదు.
మీ ఆయన సంగతి మాత్రం మాటియ్యలేను,
ఇంజినీర్లు బల్లలు తుడుస్తున్నరు.
వచ్చుడైతే ఇద్దరు రాండ్రి. ఒక్కదానివి రాకు,
చలికాలం నాలుగింటికే చీకటి పడతది."

ఆ రాత్రి అన్నం తినుకుంట మాట్లాడలే,
తిన్నంక మాట్లాడలే.
గిన్నెలు తోమి బోర్లిచ్చినంక ఆమె అన్నది:
"పోయి ఎండుదామా, ఉండి ఎండుదామా?"
ఎండుడు మాత్రం ఖాయమన్నట్టు.
నాకు నవ్వొచ్చింది. అదే మా నిర్ణయం.

తర్వాత కాయిదాలు.
నా పదో తరగతి మెమో మరాఠీల,
మా పెండ్లి సర్టిఫికెట్ మరాఠీల,
మేం కొట్లాడేది తెలుగుల,
జవాబియ్యాల్సింది ఇంగ్లీషుల.
ఆమెకు గోండి గూడ వచ్చు, కాన్పులు జేసుకుంట నేర్చుకున్నది.
ఫారంల ఆ భాషకు గడి లేదు.
నా పేరు ఎదురుంగ ఒక మాట ఉన్నది.
దుర్గం రాజలింగు, వయసు ముప్పై నాలుగు,
భార్య మీద ఆధారపడినవాడు.
సంతకం పెట్టేటప్పుడు పెన్ను మూత తీసిచ్చి
ఆమె కిటికీ దిక్కు జూసింది.

గోదారి మీద వంతెన లేని రోజులల్ల
పడవ నడిపే లచ్చన్న కసిరేటోడు:
"ఇద్దరూ ఒక్క దిక్కే కూసుంటె ఎట్లరా!"
పెండ్లయిన కొత్తల మేం ఒక్క దిక్కే కూసున్నం.
పడవ ఒరిగింది, నీళ్లు చెప్పుల్లకొచ్చినయి.
ఇప్పుడు తెడ్డు ఆమె చేతుల,
ఎదురుంగ నేను, బరువుకు.
ఊరికె కూసునుడు గూడ పనే అంటుండె లచ్చన్న.
అప్పుడు నమ్మలే.

కాంటా అంకెలు నిలిచినయి.
ఇరవై మూడు కిలోల నాలుగు వందలు.
నాలుగు వందల గ్రాములు దియ్యాలె.
నేను ఇత్తడి తూకంగుండు దీసిన,
సర్వే దినాలది,
ఏది నిలువో ఏది వంకరో చెప్పేది.
"అక్కడ గోడలతోని నాకేం పని" అన్న.
ఆమె గుండును మళ్ల లోపట వెట్టి
తన తెల్ల యూనిఫాం దీసింది, రెండు జతలు,
ఇస్త్రీ మడతలతోని.
"వాళ్లు వేరే రంగుది ఇస్తరట."
రోజలిన్ ఆ మాట అనలేదు.
ఆ ఫోన్ నేనూ విన్న.

సేటు కొడుకు అలవాటుగ బుక్కు తెరిచిండు.
గోనె నంబరు, పేరు, తూకం, రేటు.
వద్దనేలోపే రాసిండు
మా ఇద్దరి పేర్లు ఒకదాని కింద ఒకటి,
ఇరవై మూడు, ఇరవై రెండు తొమ్మిది వందలు.
రేటు గడి కాడ పెన్ను ఆపి
మా మొకాలు జూసిండు.
"రేపు చెప్తం" అన్నది మనీషా,
తుమ్ముకుంట.