గడప దాటాకే

ఆ నీలం చొక్కా నాది కాదు.
పోస్టాఫీసు వెనకగదిలో కొక్కేనికి వేలాడుతుంటే
సంతకం పెట్టి తెచ్చుకున్నాను.
జేబులో ఎవరిదో దగ్గుబిళ్ళ.

పెట్టెను మంగళవారమే విప్పాం, జడ్జి అనుమతితో.
ఫోటోలు తీశాం. చిటికెడు మాత్రం వదిలి
మిగతాది పిండితో నింపి,
వెంట్రుకంత తీగ ఒకటి లోపల దాచి
మళ్ళీ టేపు అంటించాం.
తెరిస్తే మా వ్యాన్‌లో కీచుమంటుంది.

టొలీడో. జనవరి. నది తూర్పు ఒడ్డున పసుప్పచ్చ ఇల్లు.
మార్గిట్ టకాచ్ తలుపు సందులోంచి
ముందు నా బూట్లు చూసింది.
"వర్జిల్ మోకాలికి మళ్ళీ ఏమైంది?"
సెలవులో ఉన్నాడన్నాను.
ఆ రోజు నేనాడిన అబద్ధాల్లో అదే చిన్నది.

"ఈ పేరు నాది కాదు నాయనా,
మేడ మీద అద్దెకుండి పోయిన కుర్రాడిది."
అయినా సంతకం చేసింది, నేను చలికి వణుకుతున్నానని.
పెట్టెను మెట్టు మీదే వదిలి
తలుపేసుకుంది.

మా వారంటులో ఒక వాక్యం ఉంది:
పెట్టె గడప దాటాకే ఇది చెల్లుతుంది.
దాటేదాకా అది ఉత్త కాగితం,
మేం ఆరుగురం తుపాకులున్న బాటసారులం.

నలభై నిమిషాలు.
లోమాక్స్ ఫ్లాస్కు ఖాళీ చేసి
"తీసుకో ముసలమ్మా, తీసుకో" అని గొణిగాడు.
నేను లోలోపల వద్దు వద్దంటున్నాను.
చెప్పకూడదు గానీ, అంటున్నాను.

అప్పుడు మొదలైంది మంచు.
అట్టపెట్టె మూలలు నల్లబడుతున్నాయి.
ఆమె శాలువా కప్పుకుని బయటికొచ్చింది.
పరాయివాడి సరుకు తడిసిపోతుందని
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని
లోపలికి తీసుకెళ్ళింది.

తలుపు విరిగిన చప్పుడు గురించి రాయను.
వంటింటి బల్ల మీద పెట్టె చెక్కుచెదరలేదు.
తీగ కీచుమనలేదు.
పక్కన మూత తీసిన మార్కరు,
అట్ట మీద ఇంకా ఆరని సగం మాట:
"పంపినవారికి తిరి"

కార్డు చూసి హక్కులు చదివాను.
మాట్లాడకుండా ఉండొచ్చు. వకీలును అడగొచ్చు.
"నిజంగా ఉండొచ్చా?"
ఉండొచ్చన్నాను.
కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉంది.
ఆ ఇంట్లో ఆ సాయంత్రం
చట్టాన్ని అక్షరాలా పాటించింది ఆమె ఒక్కతే.

మార్చిలో, కోర్టులో,
ప్రభుత్వం ఇచ్చిన కుర్ర వకీలు నన్నడిగాడు:
"లోపలేముందో ఆమెకు తెలుసని మీకెలా తెలుసు?"
పెట్టె గడప దాటిందన్నాను.
"ఎందుకు దాటింది?"

మంచు వల్ల, అన్నాను.
టైపు చేస్తున్నామె తలెత్తి
కాస్త గట్టిగా చెప్పమంది.