చెవి లేని తాళం

మలోటీ కొండల మీద జూన్ అంటే చలికాలం.
గొర్రె వెన్ను మీద మంచు, నా దుప్పటి అంచున మంచు,
బడిగంట నాలుక మీద కూడా మంచే.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఈ ఆడపిల్లల బడికి రాత్రి కాపలా నాది.
మొలకి ఇరవై రెండు తాళంచెవులు.
ఇరవై మూడోది ఎక్కడ జారిందో
నాకు ముందు కాపలా కాసినవాడికీ తెలీదు.

సిస్టర్లు ఒక్కొక్కరే ముసలివాళ్ళై వెళ్ళిపోయారు.
పడకలు ఖాళీ అయ్యాయి, పైకప్పు రేకులు లేచాయి.
మూసేస్తారట, మూసేస్తారట అని
ఊరు రెండేళ్ళు నమిలిన మాట అది.

అప్పుడొచ్చింది మ్మే మాసెఫోరా,
బస్సు వాగు దగ్గరే ఆగిపోతే
ఎవరి గుర్రమో అడిగి ఎక్కి,
మోకాళ్ళ దాకా బురదతో.
ఖాతా పుస్తకం అడుగుతుందనుకున్నాను.
"ఆ ఇనప బీరువాలో ఏముంది, న్తాతే?" అంది.
చెవి లేని తాళమమ్మా అది, ఎవరి మాటా వినదు అన్నాను.
ఆమె నవ్వలేదు.
రంపం తెమ్మంది.

లోపల తొమ్మిది మైక్రోస్కోపులు.
పాత పేపర్లు చుట్టుకుని
పుట్టని పిల్లల్లా ముడుచుకుని ఉన్నాయి.
పగులుతాయని దాచారట.
ఎంతమంది పిల్లలు
ఆ బీరువాకి వీపు ఆనించి
సైన్సు బల్ల మీద బట్టలు కుట్టారో
లెక్క నా దగ్గర లేదు.

వారం తిరక్కుండానే ఒకటి పగిలింది.
పగలగొట్టిన పిల్ల రోజంతా అన్నం ముట్టలేదు.
సామాన్ల పుస్తకంలో "పాడైనవి" అన్న గడిలో
మ్మే ఆ మాట కొట్టేసి
"వాడాం" అని రాసింది.

ఆమె మంచిదని నేను చెప్పను.
నోరు ఈటె.
కునుకు తీశానని నన్ను పిల్లల ముందే కడిగేసింది.
కానీ ఓ రాత్రి కిటికీలోంచి చూశాను,
నిలబడే చల్లటి జొన్నముద్ద మింగుతూ
అరచేతిలో పెన్నుతో అప్పులు కూడుకుంటోంది.
చెయ్యి సరిపోక మణికట్టు దాకా పాకాయి అంకెలు.

తర్వాత పాత హాజరు పట్టీలు తీయించింది.
ఎర్రసిరాతో కొట్టేసిన పేర్లు పదకొండు.
కడుపుతో ఉన్నారని పంపేసిన పిల్లలు.
వాళ్ళని పంపింది పెద్ద గేటు నుంచి కాదు,
తెల్లారకముందు, పక్కవాకిలి నుంచి.
ఆ తలుపు తీసింది నేనే.
ట్రంకుపెట్టెలు మోసిందీ నేనే.
ఆ మాట ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.

పదకొండు ఉత్తరాలు నాచేతే పోస్టు చేయించింది.
ఊరు భగ్గుమంది.
"వాళ్ళ పక్కన మా పిల్లలా?" అని
పద్నాలుగు మందిని తీసుకుపోయారు.
మళ్ళీ పద్నాలుగు పెట్టెలు నా భుజమ్మీద,
ఈసారి మట్టుకు పట్టపగలు.
మ్మే గుమ్మంలో నిలబడి
ఒక్కొక్క పిల్లనీ పేరు పెట్టి పిలిచి
"నీ మంచం ఎవరికీ ఇవ్వను" అంది.
ఉన్నికోత నెలలో ఒక తల్లి తిరిగొచ్చింది,
ఫీజుకి బదులు ఉన్నిమూట, వెనకాల కూతురు.
మిగతా పదముగ్గురూ రాలేదు.
ఆ మంచాలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఉత్తరాలకి వచ్చినవాళ్ళు ముగ్గురు.
అందులో కెనేవే ఒకతె.
ఇరవై మూడేళ్ళ మనిషి
పదిహేనేళ్ళ పిల్లల మధ్య, మోకాళ్ళు బల్లకి తగులుతూ,
ఒంటికన్ను మూసి ఉల్లిపొర చూస్తుంది.
చూసినంతసేపూ ఊపిరి బిగబడుతుంది.
నన్ను గుర్తుపట్టింది.
మొదటిరోజు తలవంచి దణ్ణం పెట్టింది.
అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆమె కూతురు లిపువో పగలంతా నా గుడిసెలోనే.
నా మొల దగ్గర కూర్చుని
చెవులన్నీ ఒక్కొక్కటే లాగి అడుగుతుంది,
ఇది దేనికి? ఇది దేనికి?
వంటిల్లు. గోదాము. గంటగది.
పక్కవాకిలి చెవి దగ్గర
నా నోరు పడిపోయింది.
మేకులు కొట్టించేసింది మ్మే ఆ తలుపుకి,
నిరుడే.

జవాబు రాకపోతే పిల్లలు ఊరుకుంటారా?
ఆ చెవిని వలయంలోంచి పీక్కుని
మంచు కరిగిన చోట
పీచ్ గింజ పాతడానికి గుంట తవ్వుతోంది.

పొడుగు చెవి అది.
బాగానే తవ్వుతుంది.